ఎంతమందిని కన్నవ్, ఎంతమంది ఉన్నరు?



 జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి నుంచీ, అటు ఉట్నూరు, ఆసిఫాబాద్, నిర్మల్ నుంచీ బస్సులు మారి వచ్చిన ఏఎన్ఎం అక్కలారా, ఆశా కార్యకర్తలారా, అంగన్‌వాడీ టీచర్లారా, ఈ ఉపన్యాసం ఎక్కువగా మీకోసమే రాసుకొచ్చాను.

ఎవరి జ్ఞాపకంగా ఇవాళ కూడామో, ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు ఈ ప్రాంతంలో తక్కువ. గోదావరికి ఇవతల కరీంనగర్‌లోనూ, అవతల ఆదిలాబాద్‌లోనూ ఆయన అందరికీ 'పిల్లల సార్'. తన పేరు మీద పొగడ్తలు వద్దని, సభంటూ పెడితే పిల్లల జబ్బుల గురించే మాట్లాడాలని ఇంట్లోవాళ్లకు చెప్పిపోయారు. ఆ మాట నిలబెట్టడం శిష్యుడిగా నా బాధ్యత. నేను కూడా ఆయన్ని సార్ అనే అంటాను.

ఏ తల్లి బిడ్డను ఎత్తుకొని వచ్చినా సార్ మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎంతమందిని కన్నవ్ బిడ్డా, ఎంతమంది ఉన్నరు?" జ్వరం ఎన్నాళ్ల నుంచి, దగ్గు ఎట్లా ఉంది, ఇవన్నీ ఆ తర్వాత. నేను ఆయన దగ్గర చేరిన కొత్తలో ఈ ప్రశ్న నాకు నచ్చేది కాదు. జబ్బు బిడ్డను ఒళ్లో పెట్టుకొని ఏడుస్తున్న మనిషిని, పోయిన బిడ్డల గురించి అడగడమేమిటి అనిపించేది. అందుకే నా దగ్గరికి వచ్చిన తల్లుల్ని నేను అడగలేదు.

అడగనందుకు ఏం జరిగిందో చెప్పి ఈ ఉపన్యాసం మొదలుపెడతాను.

అడగని ప్రశ్న

నాలుగు నెలల మగబిడ్డ. డొక్కలెగరేస్తున్నాడు. న్యుమోనియా అని మందులిచ్చాను, తగ్గింది, పంపాను. మూడు వారాలకు మళ్లీ వచ్చాడు. మళ్లీ మందులు. మూడోసారి వచ్చేసరికి నోటి నిండా తెల్లని పూత, ఆగని విరేచనాలు, ఎదగని ఒళ్లు. పుట్టినప్పుడు ఎడమ భుజానికి వేసిన బీసీజీ టీకా చోట పుండు మానలేదు, చంకలో గడ్డ కట్టింది. నేను బలమైన యాంటీబయాటిక్ రాశాను. ఆ సాయంత్రం సార్ వచ్చి మంచం అంచున కూర్చొని తల్లిని అడిగారు.

"నలుగురిని గన్న సారూ. గీ పిల్లగాడు గాక ఒక్క ఆడపిల్ల ఉంది. ఇద్దరు మొగపిల్లలు ఏడాది నిండకముందే పోయిండ్రు. అచ్చం గిట్లనే, దమ్ముతోటి."

సార్ నా వైపు చూశారు. ఏమీ అనలేదు. అప్పటికే ఆలస్యమైంది. ఆ బిడ్డ నాలుగు రోజులకు పోయాడు. బిడ్డను పాత చీరలో చుట్టుకొని ఆ తల్లి బస్టాండు వైపు నడిచిపోవడం ఆసుపత్రి మెట్ల మీద నిలబడి చూశాను. మూడుసార్లు ఆమె నా ముందు కూర్చుంది. మూడుసార్లూ జవాబు ఆమె దగ్గరే ఉంది. నేనే అడగలేదు.

ఆ బిడ్డకు పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేదు. కొందరు పిల్లలకు ఆ శక్తి పుట్టుకతోనే కొరవడుతుంది. కొందరికి మధ్యలో తరిగిపోతుంది. చాలామందికి కొన్ని నెలలపాటు తగ్గి, మళ్లీ దానంతటదే కూడుకుంటుంది. ఈ ముగ్గురినీ విడదీసి చూడటమే ఇవాళ నేను చెప్పదలచుకున్న విషయం.

తల్లి పెట్టే ఒడిబియ్యం

మన తెలంగాణలో ఆడబిడ్డను అత్తగారింటికి పంపేటప్పుడు తల్లిగారు ఒడిబియ్యం పోస్తారు. కడుపులో ఉన్న బిడ్డకు తల్లి పోసేది కూడా అలాంటిదే. మనిషి రక్తంలో రోగక్రిములను పట్టి ఆపే ప్రోటీన్లు ఉంటాయి. వాటినే యాంటీబాడీలు అంటాం, తెలుగులో ప్రతిరక్షకాలు. వాటిలో ఐజీజీ అనే రకం ఒక్కటే మాయ గుండా తల్లి నుంచి బిడ్డకు చేరుతుంది. తల్లికి ఇంతకుముందు వచ్చిన జబ్బుల జ్ఞాపకమూ, ఆమె వేయించుకున్న టీకాల ఫలమూ అందులో ఉంటాయి. ఇందులో ఎక్కువ భాగం గర్భంలోని చివరి మూడు నెలల్లోనే చేరుతుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తంలో ఐజీజీ తల్లి రక్తంలో ఉన్నంత ఉంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది. ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో పుట్టిన బిడ్డ ఒడి నిండకముందే బయటికొచ్చినట్టు. అందుకే ఆ బిడ్డలకు అంత తొందరగా చీము పడుతుంది, రక్తం విషమవుతుంది.

గర్భిణికి ధనుర్వాతం టీకా వేయడంలో ఉన్న కిటుకు ఇదే. టీకా తల్లి చేతికి, రక్షణ బిడ్డకు. ఒకప్పుడు పురుటింట్లో బొడ్డు కోసిన కొడవలి నుంచీ, బొడ్డుకు రాసిన పేడ నుంచీ ఎన్ని ప్రాణాలు పోయాయో మీలో పెద్దవాళ్లకు తెలుసు. తల్లీబిడ్డలకు వచ్చే ధనుర్వాతాన్ని మన దేశం నిర్మూలించిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. అది మీ చేతుల మీదుగా జరిగిన పని.

అయితే ఒడిబియ్యం ఎన్నాళ్లొస్తాయి? తల్లి ఇచ్చిన ఐజీజీ దాదాపు మూడు వారాలకు సగమవుతుంది, ఇంకో మూడు వారాలకు అందులో సగం. బిడ్డ తన సొంతంగా తయారు చేసుకోవడం అప్పుడప్పుడే మొదలవుతుంది. తల్లిది తరుగుతూ, తనది ఇంకా పెరగకుండా ఉండే కాలం మూడో నెల నుంచి ఆరో నెల వరకు. ప్రతి బిడ్డ రక్తంలోనూ అప్పుడు ఐజీజీ అడుగంటుతుంది. ఇది జబ్బు కాదు, ప్రకృతి. ఆ సందు పూడ్చడానికే ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం అని టీకాల తేదీలు పెట్టారు. ఒక నెల ఆలస్యమైతే ఏముందిలే అనుకోవద్దు. ఆ నెలలోనే ఒడి ఖాళీగా ఉంటుంది.

తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాకే ఎందుకు వేస్తామని చాలామంది అడుగుతుంటారు. తల్లి ఇచ్చిన ప్రతిరక్షకాలు ఇంకా మిగిలి ఉంటే అవే టీకాలోని వైరస్‌ను పట్టి ఆపేస్తాయి, టీకా పట్టదు. తల్లి రక్షణ పోయే వేళకు టీకా అందాలి. అందుకే తొమ్మిది నెలలు.

ఇంకొక కానుక ముర్రుపాలు. పసుపుపచ్చగా, చిక్కగా, రెండు మూడు రోజులు మాత్రమే వచ్చే ఆ పాలలో ఐజీఏ అనే ప్రతిరక్షకం దండిగా ఉంటుంది. అది రక్తంలోకి పోదు, బిడ్డ పేగుల లోపలి గోడకు పూత పూసినట్టు పట్టుకొని క్రిములను అంటనివ్వదు. ఆ పాలు పిండి పారబోసి చక్కెర నీళ్లు, తేనె నాకించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వీధి వీధి తిరిగి గాడిద పాలు అమ్మేవాళ్ల దగ్గర డబ్బు పోసి కొని, దమ్ము రాదని పసిబిడ్డ నోట్లో పోసేవాళ్లు మన పట్టణాల్లోనే ఉన్నారు. తల్లి రొమ్ములో ఉచితంగా ఉన్నదాన్ని పారబోసి, మురికి గిన్నెలోది కొంటున్నాం. అవ్వలకు ఈ మాట నచ్చజెప్పాల్సింది డాక్టరు కాదు, వాళ్లింటి గడప తొక్కగలిగిన మీరు.

మామూలు జలుబు, మామూలు కాని జబ్బు

ఇప్పుడు తల్లులకు ధైర్యం చెప్పే మాట ఒకటి. అంగన్‌వాడీకి పోయే ఆరోగ్యమైన పిల్లవాడికి ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిది సార్లు సర్ది, దగ్గు రావడం మామూలే. తగ్గిపోయి, తిని, ఆడి, బరువు పెరుగుతుంటే అతనికి ఏ లోపమూ లేనట్టే. అతనికి రోగనిరోధక శక్తి పెంచుతామని అమ్మే టానిక్కులు అక్కర్లేదు. ఆ డబ్బుతో గుడ్డు పెట్టండి, పప్పు పెట్టండి.

కొందరు పసివాళ్లలో సొంత ప్రతిరక్షకాల తయారీ ఆలస్యంగా అందుకుంటుంది. అందరికీ ఆరో నెల తర్వాత పెరగాల్సిన ఐజీజీ వీళ్లకు ఏడాది దాటినా తక్కువగానే ఉంటుంది. 1956లో గిట్లిన్, జేన్వే అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు దీన్ని గుర్తించి రాశారు. శైశవంలో తాత్కాలికంగా ప్రతిరక్షకాలు తగ్గడం అంటాం. చెవి నొప్పి, సర్ది కొంచెం ఎక్కువగా వస్తాయి. కానీ టీకా వేస్తే దానికి తగిన ప్రతిరక్షకాలు చక్కగా తయారవుతాయి. రెండేళ్లకో నాలుగేళ్లకో అంతా సర్దుకుంటుంది. రక్తపరీక్ష కాగితం మీద అంకె తక్కువ కనిపించగానే బెదిరిపోయి ఖరీదైన వైద్యం మొదలుపెట్టకూడదు. ఆ అంకెను బిడ్డ వయసుతో పోల్చి చూడాలి. పెద్దవాళ్ల లెక్కతో చూస్తే ప్రతి పసిబిడ్డా రోగిగానే కనిపిస్తాడు.

మరి దేనికి ఉలిక్కిపడాలి? ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా. ఏడాదిలో నాలుగైదుసార్లు చెవిలో చీము. నెలల తరబడి మందులు వాడినా లొంగని జబ్బు. ఒంటి లోపల గడ్డలు. పెరగని బరువు. ఏడాది దాటినా పోని నోటి పూత. వీటన్నిటికంటే పెద్ద గుర్తు, ఇదే ఇంట్లో ఇట్లాగే పోయిన ఇంకో బిడ్డ.

లేని టాన్సిల్స్

బీడీలు చుట్టే తల్లి, గల్ఫ్‌లో ఉన్న తండ్రి, నాలుగేళ్ల కొడుకు. జగిత్యాల వైపు ఊరు. తొమ్మిది నెలల వరకు బిడ్డ బాగానే ఉన్నాడు. ఆ తర్వాత మూడుసార్లు న్యుమోనియా, ఆగకుండా చెవిలో చీము, ఒకసారి మోకాలి కీలు వాచి చీము పట్టింది. ఈ లోపల ఒంటి మీద వాతలు పెట్టించారు, తాయెత్తు కట్టించారు. సార్ నోరు తెరిపించి టార్చి వేసి, నన్ను చూడమన్నారు. గొంతు నున్నగా, శుభ్రంగా ఉంది. ఏమీ కనిపించలేదన్నాను. "అదే చూడమన్న" అన్నారు. అన్నిసార్లు జబ్బు పడ్డ నాలుగేళ్ల పిల్లవాడికి టాన్సిల్స్ ఇంతింత ఉండాలి. ఇతనికి అసలు లేవు. టాన్సిల్స్ అంటే ప్రతిరక్షకాలు తయారుచేసే కణాల గూళ్లు. కణాలు లేవు, గూడూ లేదు.

అప్పుడు వెంట వచ్చిన అమ్మమ్మను అడిగారు: "అవ్వా, నీకు కొడుకులెంతమంది?"

"ముగ్గురు సారూ. ఒక్కడూ దక్కలే. ఇద్దరు పాలు మరిచినంక పోయిండ్రు, ఒకడు బడికి పోయే ఈడుల పోయిండు."

పోయినవాళ్లు ఆ పిల్లవాడి మేనమామలు. మేనమామ పోలిక అని మనం ముక్కునూ నుదుటినీ చూసి అంటాం. ఈ జబ్బు కూడా మేనమామ పోలికే. దీన్ని మొదట గుర్తించింది 1952లో అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రి వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఒకే రకం క్రిమితో మళ్లీ మళ్లీ రక్తం విషమవుతుంటే, రక్తంలోని ప్రోటీన్లను విద్యుత్తుతో విడదీసి చూశారు. ప్రతిరక్షకాలుండే గామా గ్లోబులిన్ కనిపించాల్సిన చోట ఏమీ లేదు. బయటి నుంచి గామా గ్లోబులిన్ ఇంజెక్షన్లు నెలనెలా ఇచ్చారు. పిల్లవాడు కోలుకున్నాడు. రోగనిరోధక శక్తి పుట్టుకతో లోపిస్తుందనీ, ఆ లోపాన్ని పూడ్చవచ్చనీ లోకానికి తెలిసింది ఆ ఒక్క పిల్లవాడి వల్ల. దీనికి కారణమైన జన్యువును 1993లో కనుగొన్నారు. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లికి రెండు ఎక్స్‌లు, ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది. మగబిడ్డకు ఉన్నది ఒకటే. అందుకే అక్క బాగుంటుంది, తమ్ముడు పోతాడు.

తొమ్మిది నెలల వరకు ఆ బిడ్డ ఎందుకు బాగున్నాడో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అమ్మ పోసిన ఒడిబియ్యం అప్పటిదాకా వచ్చాయి. తనవి ఎన్నడూ రాలేదు.

ఇలాంటి పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి నరంలోకి ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాలి. కిలో బరువుకు 400 నుంచి 600 మిల్లీగ్రాములు. ఐజీజీ మూడు వారాలకు సగమవుతుంది కాబట్టే ఈ నెల లెక్క. ఆ మందును ఏ ఫ్యాక్టరీ రసాయనాలతో చేయలేదు. వేలమంది మనుషులు ఇచ్చిన రక్తం నుంచి ప్లాస్మా తీసి, కలిపి, శుద్ధి చేసి తయారుచేస్తారు. వేలమంది ముఖం తెలియని మనుషులు ఒక బిడ్డకు తమ ప్రతిరక్షకాలు పోస్తున్నారు. తల్లిగారింట్లో లేకపోతే ఊరంతా ఒడిబియ్యం పోసినట్టు. కరీంనగర్ రక్తదాన శిబిరాల్లో నిలబడే యువకులు ఈ సంగతి కూడా తెలుసుకోవాలి.

ఆ పిల్లవాడికి హైదరాబాద్‌లో జబ్బు ఖాయమైంది. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. నెలకొక రోజు ఆసుపత్రిలో సీసా పెట్టించుకుంటాడు, మిగతా రోజులు కాలేజీకి పోతాడు.

ప్లాస్టిక్ గది ఇచ్చిన పాఠం

నేను మొదట చెప్పిన నాలుగు నెలల బిడ్డ జబ్బు ఇంకా తీవ్రమైనది. ప్రతిరక్షకాలు తయారుచేసే కణాలకూ ఆజ్ఞలిచ్చే టీ కణాలే లేని స్థితి. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో స్కిడ్ అంటారు. 1971లో అమెరికాలోని టెక్సాస్‌లో పుట్టిన డేవిడ్ వెట్టర్ గురించి మీరు వినే ఉంటారు. పుట్టిన క్షణాల్లోనే క్రిములు లేని ప్లాస్టిక్ గదిలో పెట్టారు. పన్నెండేళ్లు అందులోనే పెరిగి, 1984లో చనిపోయాడు. అందరూ ఆ గది గురించే మాట్లాడతారు. నేను వేరే సంగతి చెబుతాను. పుట్టకముందే ఆ గది ఎందుకు సిద్ధంగా ఉంది? వాడి అన్న ఏడు నెలల వయసులో ఇదే జబ్బుతో పోయాడు కాబట్టి. ఆ తల్లిదండ్రులను ఎవరో అడిగారు, జవాబు రాసుకున్నారు, దానికి తగ్గట్టు సిద్ధపడ్డారు. సార్ ప్రశ్న అదే.

ఇవాళ ఆ గది అవసరం లేదు. మూలకణాల మార్పిడితో ఈ జబ్బు నయమవుతుంది. మూడున్నర నెలల లోపు మార్పిడి జరిగిన పిల్లల్లో 94 శాతం మంది బతికారని 2014లో ఒక అమెరికా అధ్యయనం తేల్చింది. ఆలస్యమై, ఇన్ఫెక్షన్ వచ్చాక చేస్తే ఆ అవకాశం తగ్గిపోతుంది. అంటే మన చేతిలో ఉన్నది వంద రోజులు. అమెరికాలో పుట్టిన ప్రతి బిడ్డకూ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో ఈ పరీక్ష చేస్తారు. మన దేశంలో అందరు శిశువులకూ అట్లాంటి పరీక్ష చేసే పథకం లేదు. కానీ ఏ చిన్న ల్యాబులోనైనా రక్తకణాలను లెక్కించే సీబీపీ పరీక్ష ఉంది. అందులో లింఫోసైట్ల శాతం చూసి వదిలేయకుండా, దాన్ని తెల్లకణాల సంఖ్యతో గుణించి లింఫోసైట్ల మొత్తం సంఖ్య లెక్కగట్టండి; టీ కణాలు లింఫోసైట్లలో ఒక రకమే. కొన్ని నెలల బిడ్డకు అది 3,000 కంటే తక్కువ ఉంటే అనుమానించి పై ఆసుపత్రికి పంపండి. ఖర్చు లేని గుణకారం అది.

ఇంకొక మాట. బీసీజీ బతికున్న క్రిమితో చేసిన టీకా. పోలియో చుక్కలు, రోటా వైరస్ చుక్కలు కూడా అంతే. కోట్లాది బిడ్డలను కాపాడుతున్న టీకాలివి, వీటిని ఎవరూ మానకూడదు. అయితే ఇంతకుముందు ఇద్దరు మగపిల్లలు ఏడాది లోపు అంటువ్యాధులతో పోయిన ఇంట్లో మూడో మగబిడ్డ పుడితే, టీకా వేసే ముందు పిల్లల డాక్టరుతో మాట్లాడాలి. సీబీపీ చూశాక వేయాలి. స్కిడ్ ఉన్న బిడ్డ ఒంట్లో బీసీజీ క్రిమి భుజం దాటి ఒళ్లంతా పాకుతుంది. నేను చూసిన బిడ్డకు జరిగింది అదే. కాన్పు గదిలోనే ఆ తల్లిని అడిగి ఉంటే ఆ సూది ఆగేది, ఆ బిడ్డ దారి వేరేగా ఉండేది.

మన ఇళ్లలో మేనరికాల సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మేనమామతోనో, మేనత్త కొడుకుతోనో పెళ్లయితే, తాతముత్తాతల నుంచి వచ్చిన ఒకే లోపం రెండు వైపుల నుంచీ బిడ్డలో కలిసే అవకాశం పెరుగుతుంది. రోగనిరోధక లోపాల్లో ఇలా వచ్చేవి అనేకం ఉన్నాయి. అప్పుడు ఆడపిల్లలకూ వస్తాయి. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఇంట్లో ఇద్దరు బిడ్డలు పోయాక తల్లిని 'నష్టజాతకురాలు' అనే నోళ్లు మన ఊళ్లలో ఉన్నాయి. జన్యువుకు పాపపుణ్యాలు తెలియవు. ఆ తల్లి మోసే దుఃఖం చాలు, నింద కూడా మోయించవద్దు.

మధ్యలో తరిగే శక్తి

పుట్టుకతో వచ్చే లోపాలు అరుదు. మన ప్రాంతంలో ఎక్కువగా చూసేది మధ్యలో తరిగిపోయే శక్తి. దానికి మొదటి కారణం ఆకలి.

1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాద్‌కు మారిన జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు పోషకాహార లోపం మీద ప్రపంచం గుర్తించిన పరిశోధనలు చేశారు. తిండి చాలని బిడ్డ రక్తంలో ప్రతిరక్షకాలు చాలాసార్లు మామూలుగానే ఉంటాయి, ఎన్నో జబ్బులు వచ్చిపోయి ఉంటాయి కాబట్టి ఒక్కోసారి ఎక్కువే ఉంటాయి. దెబ్బతినేది టీ కణాల వైపు. ఎదలోని థైమస్ గ్రంథి కృశించిపోతుంది. కాబట్టి ఐజీజీ అంకె బాగుందని చెప్పి బక్కచిక్కిన బిడ్డను ఇంటికి పంపకూడదు. ఆకలి జబ్బును తెస్తుంది, జబ్బు ఆకలిని చంపుతుంది. ఈ గానుగ ఆగాలంటే బిడ్డకు ముద్ద అందాలి, అంతకుముందు తల్లికి అందాలి. 2015 జనవరిలో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు పెట్టే భోజనం, గుడ్డు, పాలు, నా దృష్టిలో టీకాతో సమానమైన మందు.

రెండో కారణం తట్టు. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి ఊరుకునే జబ్బు ఇది. నెదర్లాండ్స్‌లో టీకా వేయించుకోని 77 మంది పిల్లల రక్తాన్ని తట్టు రాకముందూ, వచ్చిపోయాకా పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. తట్టు వచ్చాక వాళ్ల ప్రతిరక్షకాల జాబితాలో 11 నుంచి 73 శాతం చెరిగిపోయాయి. బిడ్డ ఒళ్లు అన్నాళ్లు నేర్చుకున్న పాఠాలను తట్టు తుడిచేస్తుంది. అందుకే తట్టు తగ్గిన రెండు మూడు నెలలకు న్యుమోనియాతోనో విరేచనాలతోనో బిడ్డ పోవచ్చు, కానీ ఎవరూ దాన్ని తట్టు ఖాతాలో రాయరు. 2017 ఆగస్టులో తట్టు-రుబెల్లా టీకాను బడిబడికీ తిరిగి వేసిన రోజులు మీకు గుర్తుంటాయి. అప్పుడు మీరు కాపాడింది ఒక్క తట్టు నుంచే కాదు.

మూడోది హెచ్ఐవీ. ఇందులో ప్రతిరక్షకాల గురించి ఒక ముఖ్యమైన పాఠం ఉంది. హెచ్ఐవీ ఉన్న తల్లికి పుట్టిన ప్రతి బిడ్డ రక్తంలోనూ ఆ ప్రతిరక్షకాలు కనిపిస్తాయి. అవి తల్లివి, ఒడిబియ్యంలో కలిసి వచ్చినవి. పద్దెనిమిది నెలల వరకు ఉండవచ్చు. ప్రతిరక్షకాల పరీక్ష చూసి బిడ్డకు జబ్బు అంటగట్టకూడదు. ఆరో వారంలో వైరస్‌నే వెతికే పరీక్ష వేరే ఉంది. అది చేయించి, ఫలితం వచ్చేదాకా కోట్రైమాక్సజోల్ ఇవ్వాలి.

ఇంకొకటి, ముఖం, కాళ్లు ఉబ్బి వచ్చే నెఫ్రోటిక్ పిల్లలు. మూత్రంలో ప్రోటీన్ పోతోందని చూస్తాం. దాంతోపాటు ఐజీజీ కూడా పోతోందని గుర్తుంచుకోం. ఆ బిడ్డకు కడుపునొప్పి, జ్వరం వస్తే అదే రోజు చూపించాలి.

గుట్టల మీది బిడ్డలు

ఆదిలాబాద్ సంగతి చివరికి దాచుకున్నాను, సార్‌కు అక్కడి బిడ్డల మీద ఉన్న ప్రేమ మీకు తెలుసు కాబట్టి. ఉట్నూరు, జైనూర్, తిర్యాణి, కెరమెరి గూడేల్లో గోండు, కొలాం, పర్ధాన్, తోటి తల్లుల దగ్గరికి ఆయన ఎన్నోసార్లు పోయారు. తన ప్రశ్నను గోండిలో అడగడం నేర్చుకున్నారు. అక్కడ ఆ ప్రశ్నకు వచ్చే జవాబులో రెండు అంకెల మధ్య తేడా మనకంటే ఎక్కువ.

అక్కడి రోగనిరోధక లోపానికి ఒక ముఖ్య కారణం సికిల్ సెల్. దాన్ని అందరూ రక్తహీనత అనుకుంటారు, కీళ్ల నొప్పుల జబ్బు అనుకుంటారు. రక్తంలో దూరిన క్రిములను వడపోసేది ప్లీహం. మలేరియాలో అది పెరిగితే మనవాళ్లు కడుపులో బల్ల అంటారు. కొడవలిలా వంగిన ఎర్రకణాలు ప్లీహంలోని సన్నని నాళాల్లో ఇరుక్కొని, చిన్న వయసులోనే దాన్ని పాడుచేస్తాయి. ప్లీహం పనిచేయని బిడ్డకు న్యుమోకాకస్ క్రిమి సోకితే పొద్దున వచ్చిన జ్వరం రాత్రికి ప్రాణం తీయవచ్చు. మన దేశపు గిరిజనుల్లో కనిపించే రకంలో జబ్బు కొంత నెమ్మదిగా ముదురుతుంది, అయినా ప్రమాదం ప్రమాదమే.

ఈ లోపం ఆ గుట్టల్లో ఎందుకు నిలిచిందో కూడా చెప్పాలి. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కవైపు నుంచి మాత్రమే ఈ జన్యువు వచ్చినవాళ్లను మలేరియా అంతగా చంపలేదు. తరతరాలు ఆ అడవిలో బతకనిచ్చిన జన్యువు అది. అలా ఒక్క జన్యువును మోసే వాహకులు ఇద్దరు పెళ్లాడితే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు జబ్బుగా మారుతుంది.

1986లో అమెరికాలో ఒక అధ్యయనం జరిగింది. సికిల్ సెల్ ఉన్న పసివాళ్లకు రోజుకు రెండుసార్లు పెన్సిలిన్ మాత్ర ఇచ్చారు. న్యుమోకాకస్ జబ్బు 84 శాతం తగ్గింది. తేడా అంత స్పష్టంగా ఉండటంతో, మాత్ర అందని పిల్లలకు అన్యాయం జరుగుతుందని అనుకున్న గడువుకు ముందే అధ్యయనం ఆపేశారు. అప్పటి నుంచి ఐదేళ్లు నిండేదాకా పెన్సిలిన్ ఇవ్వడం ఈ పిల్లల వైద్యంలో భాగమైంది. జమైకాలో ఇంకో మంచి పని చేశారు. బిడ్డ పొట్ట మీద చెయ్యి పెట్టి ప్లీహం పెరిగిందో లేదో చూసుకోవడం తల్లులకే నేర్పారు. రక్తమంతా ఒక్కసారిగా ప్లీహంలోకి చేరి బిడ్డ పాలిపోయే ప్రమాదాన్ని ఆ తల్లులు ఇంట్లోనే గుర్తించి పరుగెత్తుకొచ్చారు, మరణాలు తగ్గాయి. జమైకా తల్లి చేసిన పని ఉట్నూరు తల్లి చేయలేదా? చేస్తుంది. నేర్పేవాళ్లు కావాలి.

మన దగ్గర అవకాశాలు లేకపోలేదు. 2023 జులై 1న జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. నలభై ఏళ్ల లోపు ఏడు కోట్ల మందిని పరీక్షించడం దాని లక్ష్యం. న్యుమోకాకస్ టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 2021లో దేశమంతటికీ వచ్చింది. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల. 2021లో వచ్చిన జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలు కూడా ఉన్నాయి. దాని కింద నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ కలిసి హైదరాబాద్‌లో విశిష్ట కేంద్రంగా పనిచేస్తున్నాయి. వైద్యానికి 50 లక్షల రూపాయల వరకు సాయం అందే వీలుంది. పథకం హైదరాబాద్‌లో ఉంది, బిడ్డ తిర్యాణిలో ఉన్నాడు. ఈ రెంటినీ కలిపేది కింది స్థాయిలో ఎవరో ఒకరు పడే అనుమానం.

మీ చేతుల్లో పెట్టే పని

ఇక ముగిస్తాను. పెద్ద యంత్రాలు, పెద్ద ఆసుపత్రులు కావాలని నేనూ అడుగుతాను, అడుగుతూనే ఉంటాను. అవి వచ్చేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది.

మీ దగ్గర ప్రతి గర్భిణికీ తల్లీబిడ్డల రక్షణ కార్డు ఉంది. అందులో బతికున్న బిడ్డల బరువులు, టీకాలు రాస్తాం. పోయిన బిడ్డల సంగతి కూడా రాయండి. ఆడా, మగా? ఎన్ని నెలలకు? ఏ జబ్బుతో? తల్లి అన్నదమ్ముల్లో చిన్ననాడే పోయినవాళ్లు ఉన్నారా? రెండు మూడు ముక్కలు చాలు. తల్లిని పక్కకు పిలిచి, కూర్చోబెట్టి, మెల్లగా అడగండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి. చాలామంది తల్లులు తమ పోయిన బిడ్డల గురించి ఎవరైనా అడగాలని ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంటారని సార్ అనేవారు. నా అనుభవంలోనూ అది నిజమే.

డాక్టర్లకు ఒక మాట. ఒకే బిడ్డ ఏడాదిలో రెండోసారి న్యుమోనియాతో వస్తే కొత్త చీటీ మీద కొత్త మందు రాసి పంపకండి. పాత చీటీ అడగండి. గొంతులో టాన్సిల్స్ చూడండి, లింఫోసైట్లు లెక్కగట్టండి, హెచ్ఐవీ, సికిల్ సెల్ పరీక్షలు చేయించండి, ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం పరీక్షకు రక్తం పంపండి.

సార్ పోయాక ఆయన రాసుకున్న నోటు పుస్తకాలు నాకు ఇచ్చారు. ప్రతి పేజీలో బిడ్డ పేరు కింద రెండు అంకెలున్నాయి. కన్నది, ఉన్నది. రెండూ ఒకటే అయిన చోట ఏమీ రాయలేదు. తేడా ఉన్న చోట ఎర్ర సిరాతో గీత గీసి, పోయిన పిల్లల వయసు రాశారు.

ఆ నాలుగు నెలల బిడ్డ పేజీ కూడా అందులో ఉంది. సార్ సాయంత్రం వచ్చి రాసింది అది. పొద్దున నేను రాసి ఉండాల్సింది.

రేపు పొద్దున మీ దగ్గరికి వచ్చే మొదటి తల్లిని అడగండి. ఆమె చెప్పింది కార్డు మీద రాయండి.